తెల్ల స్తంభాల ఇంటి తాళం

ఆ సరస్సు మీద లాంచీ ఎక్కినవాళ్ళందరూ ముందు కుడిచేతివైపుకే చేరతారు. ఎందుకు చేరరు మరి? అందమంతా అటే ఉంది. నీళ్ళ అంచున మెట్లుమెట్లుగా ఇళ్ళు, ఇంటింటికీ సొంత రేవు, ఏటా రంగు వేసే బెంచీలు, ఖరీదైన గడియారాల కొట్లు, సాయంత్రమైతే పియానో వాయించే హోటలు, వీటన్నిటి వెనక మంచు కప్పుకున్న కొండలు. ఎండ కూడా పక్షపాతం చూపించి పొద్దస్తమానం అక్కడే కాస్తుంది. అందుకే దాన్ని ఎండ ఒడ్డు అంటారు. ఎడమచేతివైపు చూడ్డానికి ఏముంది గనక? కొండ నీడలో నక్కిన నాలుగు వీధులు, ఎంతసేపు వేలాడదీసినా ఆరని బట్టలు. అది నీడ ఒడ్డు. ఎండ ఒడ్డులో గదులు తుడిచేవాళ్ళు, వంటలు చేసేవాళ్ళు, ఆ బెంచీలకు రంగులు వేసేవాళ్ళు, అందరూ ఉండేది ఇక్కడే.

లాంచీలో వాళ్ళకు తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ అందమైన ఇళ్ళలో మనుషులుండరు. యజమానులు ఏడాదికి పన్నెండు రోజులో, పదిహేను రోజులో వచ్చి పోతారు. పదకొండు గదుల ఇల్లు కట్టుకుని పన్నెండు రోజులుండడం ఏం సరదానో, అది వాళ్ళకే తెలియాలి. మిగతా రోజులు కిటికీలన్నీ మూసి ఉంటే ఊరు పాడుబడినట్టుందని యాత్రికులు మొహం చిట్లించారట. దాంతో పట్టణ సంఘంవాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. పొద్దున మొదటి లాంచీ కదలక ముందే ఎవరో ఒకరు ఇంటింటికీ వెళ్ళి కిటికీ రెక్కలు తెరవాలి, అద్దాలు తుడవాలి, తొట్లలో పూలమొక్కలకు నీళ్ళు పోయాలి. సాయంత్రం ఆఖరి లాంచీ వెళ్ళాక మళ్ళీ అన్నీ మూసి తాళాలు వేయాలి. ఆ ఎవరో ఒకరే మన తాళాలమ్మ.

నడుముకు ముప్ఫై రెండు ఇళ్ళ తాళాల గుత్తి కట్టుకుని పొద్దున ఆరున్నరకల్లా పనివాళ్ళ పడవలో అవతలి రేవున దిగేది. ఏ తాళానికీ చీటీ ఉండేది కాదు. చేత్తో తడిమితే చాలు, ఏది ఎవరిదో ఆవిడ వేళ్ళకు తెలిసిపోయేది. పనిలో చేరిన రోజు సంఘం గుమాస్తా ఒకే ఒక్క నిబంధన చెప్పాడు. "తెరవండి, తుడవండి, మూయండి. కూర్చోవడం మాత్రం కుదరదు. ఒకసారి కూర్చుంటే ఇంక లేవబుద్ధి కాదు" అన్నాడు. మాట వరసకన్నాడో, నిజంగానే అన్నాడో, ఆయనైతే ఆ మరుసటేడే రిటైరై ఎటో వెళ్ళిపోయాడు. ఈవిడ మాత్రం ఆ మాట పట్టుకుంది. పందొమ్మిదేళ్ళలో ఆ ముప్ఫై రెండు ఇళ్ళలో ఒక్క కుర్చీలో కూర్చోలేదు. మోకాళ్ళు పీకేస్తున్నా సరే, రేవు మెట్ల మీదికొచ్చి అక్కడే చతికిలబడి తెచ్చుకున్న రొట్టె తినేది.

"ఎవరు చూడొచ్చారమ్మా, సోఫా ఏమన్నా అరిగిపోతుందా?" అని తోటి పనివాళ్ళు ఆటపట్టిస్తే ఒంటికాలి మీద లేచేది.

"ఎవరూ చూడరనే కదా తాళాలు నా చేతికిచ్చింది!" అనేది.

నిప్పులాంటి మనిషి. ఆ నిప్పు కాస్త పక్కవాళ్ళకు కూడా తగిలేది, అది వేరే సంగతి. ఎవరినీ ఏదీ అడిగేది కాదు. పక్కింట్లో చెంచాడు పంచదార అడగాల్సొస్తే చేదు కాఫీ తాగి ఊరుకునే రకం.

ఆవిడ మొగుడు అందుకు పూర్తిగా భిన్నం. ఎండ ఒడ్డు చూపించే లాంచీలో మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పేవాడు. ఇరవై మూడేళ్ళు చెప్పాడు. లాంచీ నడిపే సరంగు దగ్గర్నుంచి రేవులో టిక్కెట్లు చింపే ఆవిడ దాకా అందరికీ ఆయన మైకాయనే. ఏ ఇల్లు ఎవరిది, ఏ కొండ ఎత్తెంత, ఏ హోటల్లో ఏ మహారాణి అలిగి పడుకుంది, అన్నీ చెప్పేవాడు. తెలియనివి కల్పించి చెప్పేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. ఊరి చివర తెల్ల స్తంభాల ఇల్లొకటి ఉంది. నీళ్ళకు ఎదురుగా దానికి పెద్ద వరండా, మూడు వైపులా అద్దాలు, లోపల ఒకే ఒక్క పేము వాలుకుర్చీ. లాంచీ ఆ ఇంటి ముందుకు రాగానే సరంగు వేగం తగ్గించేవాడు, మైకాయన గొంతు సవరించుకునేవాడు.

"అదిగో, ఆ వరండా చూడండి. చలికాలంలో కూడా అక్కడ గాలి తగలదు, ఎండ తప్పదు. పదకొండింటికి ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఇంక స్వర్గంతో పని లేదు. పెట్టి పుట్టాలండీ! మీరెవరూ అక్కడికి వెళ్ళలేరు. నేనూ వెళ్ళలేను." ఇక్కడ కాస్త ఆగేవాడు. "కానీ తాళం మాత్రం మా ఆవిడ దగ్గరే ఉంది!"

లాంచీ అంతా ఘొల్లుమనేది. ఒక్కోసారి అదే సమయానికి తాళాలమ్మ ఆ వరండాలో అద్దాలు తుడుస్తూ కనిపించేది. "అదిగో, ఆవిడే!" అనేవాడు. యాత్రికులు చేతులూపేవాళ్ళు. ఆవిడ సిగ్గుతో చచ్చి గుడ్డ విసిరేసి లోపలికి పారిపోయేది. ఇంటికొచ్చాక ఆయనకు తిట్లు తప్పేవి కావు. ఆ తిట్లంటే ఆయనకెంత ఇష్టమో చెప్పలేం. మర్నాడు మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే నవ్వు. పిల్లల్లేని ఆ ఇద్దరికీ రోజూ చేసుకునే ముచ్చట అదొక్కటే.

నీడ ఒడ్డులో వాళ్ళవి రెండు గదులు. నవంబరులో ఒక మధ్యాహ్నం సూర్యుడు కొండ వెనక్కి దిగితే, మళ్ళీ పదకొండు వారాల దాకా ఆ వీధిలోకి తొంగిచూడడు. ఫిబ్రవరిలో ఒక రోజు రెండు శిఖరాల సందులోంచి ఎండ వచ్చి వంటింటి గోడ మీద అరచేయంత మేర నాలుగు నిమిషాలు నిలబడేది. మైకాయన ఆ ఎండ చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేసేవాడు. ఆ గోడ నిండా అవే గీతలు. సున్నం వేయిస్తానంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఇలా ఉండగా కిందటేడు ఆయనకు దగ్గు పట్టుకుంది. మైకులో మాట మధ్యలో దగ్గు, తర్వాత దగ్గు మధ్యలో మాట. ఆకులు రాలే రోజులకు గొంతే పోయింది. మైకు సరంగు చేతికి వచ్చింది. డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటోలు తీసి, చూసి, తాళాలమ్మను బయటికి పిలిచాడు.

"ఊపిరితిత్తుల్లో ఇంక బాగుచేయడానికేం మిగల్లేదమ్మా. ఈ చలికాలం గడవడమే కష్టం. వెచ్చగా, గాలి తగలకుండా, ఎండలో కూర్చోబెట్టగలిగితే కాస్త సుఖంగా ఊపిరి తీసుకుంటాడు. అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు" అన్నాడు.

ఎండట! నీడ ఒడ్డులో నవంబరులో ఎండ ఎక్కడ దొరుకుతుంది? ఒకరోజు ఆయన్ను పడవలో ఎక్కించి అవతలి ఒడ్డున రంగు బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎండ ఉంది గానీ సరస్సు మీంచి గాలి కత్తిలా కోసింది. పావుగంటలో ఆయన పెదాలు నీలంగా అయిపోయాయి. ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు పొద్దున ఆవిడ తాళాల గుత్తి నడుముకు కట్టుకుంటుంటే గుసగుసగా పిలిచాడు.

"ఏమే, ఆ తాళం నీ దగ్గరే ఉంది కదా."

"పొద్దున్నే పరాచికాలా?"

"పరాచికం కాదే. ఒక్క పూట. ఆ అద్దాల వరండాలో ఒక్క పూట కూర్చుంటా. ఇరవై మూడేళ్ళు ఇటునుంచి అటు చూశాను. ఒక్కసారి అటునుంచి ఇటు చూడాలని ఉంది. మన లాంచీ అటునుంచి ఎలా కనిపిస్తుందో."

ఆవిడ చేతిలో గుత్తి ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తనకంటూ అడిగింది ఇదొక్కటే. అయినా ఆవిడ నోరు ఊరుకుంటుందా? "ఊళ్ళోవాళ్ళ ఇల్లు! మనం కూర్చోవడమేంటి? పందొమ్మిదేళ్ళ నా మాట ఏం కావాలి? ఎవరన్నా చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అని గయ్యిమంది.

ఆయన కళ్ళు మూసుకుని, "సరేలే" అన్నాడు.

ఆ 'సరేలే' ఆవిడ వెంట పడింది. కిటికీలు తెరుస్తుంటే అదే, మూస్తుంటే అదే. తెల్ల స్తంభాల ఇంట్లో ఆ పేము కుర్చీ మీద దుమ్ము దులుపుతుంటే మరీను. కుర్చీ ఖాళీ, ఎండ దండగ, అవతల తన మనిషి చలికి ముడుచుకుని దగ్గుతున్నాడు. తాళం తిప్పి తీసుకొచ్చి కూర్చోబెడితే అడిగే దిక్కు లేదు. కానీ దొంగచాటుగా చేయడానికి ఆవిడకు చేతులు రాలేదు. సరే, ఉన్న దారి ఒక్కటే. ఆ ఇంటి యజమానురాలిని అడగాలి.

ఆవిడ దూరాన పెద్ద పట్నంలో ఉండే ఒంటరి ముసలామె. అందరూ స్తంభాల ఇంటమ్మగారంటారు. పైపు పగిలినా, అద్దం విరిగినా చెప్పడానికి నంబరు ఇచ్చి ఉంచింది. తాళాలమ్మ వారం రోజులు మాటలు కూడబలుక్కుంది. 'అమ్మా, మా ఆయనకు బాగాలేదు, ఒక్క పూట వరండాలో...' అంతే కదా, నాలుగు ముక్కలు. అద్దాలు తుడుస్తూ అద్దంతోనే పదిసార్లు అంది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం రేవు మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది.

"ఆ, చెప్పండి. ఇంట్లో ఏమైనా జరిగిందా?" అంది అవతలి గొంతు.

"లేదమ్మా... అంటే... అదీ..." తాళాలమ్మ నీళ్ళు నమిలింది. "వెనకవైపు వాన నీళ్ళ గొట్టం కారుతోందమ్మా."

"అంతేనా? మేస్త్రీని పంపిస్తాను. ఇంకేమైనా ఉందా? మొహమాటపడకుండా చెప్పండి."

"ఏం లేదమ్మా. మీ ఆరోగ్యం జాగ్రత్త."

గొట్టం కారడమేంటి, నా మొహం! ఆ గొట్టం శుభ్రంగా ఉంది. రెండు రోజుల తర్వాత మేస్త్రీ వచ్చి నిచ్చెన వేసుకుని పొద్దుపోయేదాకా లేని కారుడు వెతుక్కున్నాడు. ఇంకో సందర్భంలో అయితే ఇది చెప్పుకుని నవ్వుకోవాల్సిన సంగతి.

ఫోన్ చేస్తానని పొద్దున మొగుడికి చెప్పి వచ్చింది, అదీ అసలు చిక్కు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చుని ఉన్నాడు. పాపం, తల కూడా దువ్వుకున్నాడు. ఆ కళ్ళలోకి చూసి, నేను అడగలేకపోయానని చెప్పడానికి ఆవిడకు మొహం చెల్లలేదు.

"ఆవిడ ఒప్పుకోలేదు" అంది.

ఆయన మళ్ళీ దిండు మీదికి వాలాడు. తర్వాత నవ్వాడు. "పోన్లే. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఇవాళ నన్ను కూర్చోబెడితే రేపు లాంచీలో వాళ్ళంతా దిగొచ్చి కూర్చుంటామంటారు." ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వడిగావు చూడు, నాకది చాలు. నా కోసం నువ్వు ఒకరి దగ్గర నోరు తెరిచి అడుగుతావని ఈ జన్మలో అనుకోలేదే."

ఇంక ఏమని చెప్తుంది? ఆ చెయ్యి విడిపించుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడి, అన్నం ఉడికినా దించకుండా ఏడ్చింది.

రేపు మళ్ళీ ఫోన్ చేద్దామనుకుంది. రేపు అడిగేస్తాను, ఆవిడ మనసు మార్చుకుందని చెప్తాను, తీసుకెళ్ళి కూర్చోబెడతాను. రేపు అనుకుంటూనే డిసెంబరు పోయింది, జనవరి పోయింది. ఫోన్ తీసేది, నంబరు దాకా వెళ్ళేది, మళ్ళీ కొంగులో దోపుకునేది. ఫిబ్రవరి మొదటివారంలో ఒక తెల్లవారుజామున ఆవిడ గుత్తి కట్టుకుంటుండగానే ఆయన పోయాడు. ఎండ ఇంకా ఆ వీధికి రాలేదు. నాలుగు రోజుల తర్వాత వచ్చింది. గోడ మీద అరచేయంత ఎండ నిలబడితే ఆవిడ పెన్సిలు పట్టుకుని దాని ముందు నిలబడింది గానీ గీత గీయడానికి చెయ్యి రాలేదు. నాలుగు నిమిషాలు గడిచాక అది పోయింది.

కబురు నీడ ఒడ్డంతా పాకింది. మైకాయన పోకముందే సరంగుకు చెప్పి ఉన్నాడు, ఇలా అడిగాం, ఇలా కాదన్నారని. ఆయనైతే తేలిగ్గా చెప్పాడు. సరంగు తేలిగ్గా తీసుకోలేదు. మైకాయన్ను 'బావా' అని పిలిచే మనిషి, ఇరవై మూడేళ్ళు ఆ గొంతు పక్కనే చుక్కాని పట్టుకున్నవాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. 'రాతి గుండె మనిషి, చచ్చేవాడికి ఇంత ఎండ ఇవ్వలేకపోయింది' అని రేవులో అందరి ముందూ తిట్టాడు. అంతటితో ఆగాడా? ఆ రోజు నుంచి లాంచీ తెల్ల స్తంభాల ఇంటి ముందుకు రాగానే మైకు కట్టేసి, వేగం పెంచి దాటించేసేవాడు. యాత్రికులు ఎవరన్నా "ఆ ఇల్లెవరిదండీ?" అంటే, "చెప్పుకోదగ్గ ఇల్లు కాదు లెండి" అనేవాడు. తాళాలమ్మ ఇవన్నీ వింది. విని తలవంచుకుంది. కాదని ఒక్క మాట అనలేదు.

జూలైలో స్తంభాల ఇంటమ్మగారు తన పన్నెండు రోజులకు వచ్చింది. వచ్చిన మర్నాడు తాళాలమ్మ వరండాలో పూలతొట్లకు నీళ్ళు పోస్తుంటే, ఆమె పేము కుర్చీలో కూర్చుని సరస్సు వైపు చెవి రిక్కించింది. లాంచీ వచ్చింది, మైకు చప్పుడు లేకుండా గబగబా వెళ్ళిపోయింది.

"ఇదేంటమ్మా? నా ఇంటి మాట చెప్పడం మానేశారేం? ఏటా దాని కోసమే వస్తాను నేను" అంది.

"ఏ మాటమ్మా?"

"అదే, 'తాళం మాత్రం మా ఆవిడ దగ్గరే ఉంది' అంటాడు కదా ఆయన. ఇక్కడ కూర్చుంటే ఒక్కొక్క ముక్కా వినిపిస్తుంది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకునేదాన్ని. ఎన్నిసార్లు అనుకున్నానో, ఒక్కసారి ఆ మనిషిని లోపలికి పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెట్టాలని. మీరేమనుకుంటారోనని ఊరుకున్నాను. మీరసలే ఇంట్లో కూర్చోనైనా కూర్చోరు. ఏరీ, ఆయన బాగున్నారా?"

నీళ్ళడబ్బా తాళాలమ్మ చేతిలోనే ఉంది. తొట్టి నిండి, పొర్లి, నేల మీదికి నీళ్ళు కారుతున్నాయి.

"పోయారమ్మా. ఫిబ్రవరిలో."

పెద్దామె కుర్చీలో ముందుకు జరిగింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "డిసెంబరులో ఫోన్ చేశారు మీరు. మేస్త్రీ వచ్చి గొట్టం కారడం లేదన్నాడు. ఈవిడ ఇంకేదో అడగబోయి ఊరుకుందని నాకప్పుడే అనిపించింది. నేనే తిరిగి చేసి అడగాల్సింది. ఏమడగాలనుకున్నారమ్మా?"

"ఏం లేదమ్మా" అంది తాళాలమ్మ. మళ్ళీ అదే మాట! ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ, ఏమన్నదో ఆవిడకు తెలియలేదు. గోడకు ఆనుకుని కిందికి జారి, ఆ తడి నేల మీదే కూలబడి, ఇన్నాళ్ళూ లోపల కుక్కుకున్నదంతా భోరున బయటపెట్టింది. పెద్దామె కుర్చీ దిగి వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. "ఒక్క మాట చెప్పి ఉంటే... ఏడాది పొడుగునా ఖాళీయే కదమ్మా ఇది" అని మాత్రం అనగలిగింది.

ఆ సాయంత్రం పనివాళ్ళ పడవ కోసం ఆగకుండా, తాళాలమ్మ సరంగు లాంచీ దగ్గరికి వెళ్ళింది. ఆఖరి ట్రిప్పు అయిపోయింది. అతను తాళ్ళు చుట్టుకుంటున్నాడు.

"అన్నయ్యా, రేపట్నుంచి ఆ ఇంటి మాట మళ్ళీ చెప్పు."

"చచ్చినా చెప్పను చెల్లెమ్మా. బావను అలా చేసిన మనిషి ఇంటి గురించి నా నోటితో చెప్పనా?"

"ఆవిడ ఏం చేయలేదు. నేనడగలేదు."

సరంగు చేతిలో తాడు ఆగింది. "అదేంటి? ఫోన్ చేశావు కదా. బావ చెప్పాడు నాతో."

"చేశాను. అడగలేక నీళ్ళ గొట్టం కారుతోందని చెప్పాను. ఇంటికొచ్చి ఆవిడ ఒప్పుకోలేదన్నాను. ఆయనది నమ్మే పోయాడు అన్నయ్యా. నేను అడిగాననుకుని మురిసిపోతూ పోయాడు."

సరంగు నీళ్ళవైపు తిరిగాడు. "ఎంత పని చేశావమ్మా" అన్నాడు. ఇంజను వేసి, ఆవిడనొక్కదాన్నే ఎక్కించుకుని నీడ ఒడ్డుకు దింపాడు.

మర్నాడు పదకొండింటికి తాళాలమ్మ తెల్ల స్తంభాల ఇంట్లో పైగది కిటికీ అద్దాలు తుడుస్తోంది. కింద వరండాలో పెద్దామె కాఫీ తాగుతోంది. ఎండ నిండుగా ఉంది. లాంచీ ఊరి మలుపు తిరిగి వచ్చి, చాలా నెలల తర్వాత మొదటిసారి ఆ ఇంటి ముందు వేగం తగ్గించింది. మైకు గరగరలాడింది. సరంగుది బండ గొంతు, మాటలు మాత్రం అన్నీ మైకాయనవే, ఆగే చోట్లతో సహా.

"అదిగో, ఆ వరండా చూడండి. చలికాలంలో కూడా అక్కడ గాలి తగలదు, ఎండ తప్పదు. పదకొండింటికి ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఇంక స్వర్గంతో పని లేదు. పెట్టి పుట్టాలండీ! మీరెవరూ అక్కడికి వెళ్ళలేరు. నేనూ వెళ్ళలేను."

ఇక్కడ ఆగాడు. యాత్రికులు తలలెత్తి, తర్వాతి మాట కోసం చూస్తున్నారు. తాళాలమ్మ కిటికీ రెక్క పట్టుకుని పైన అలాగే నిలబడిపోయింది. మైకులోంచి ఇంజను చప్పుడొక్కటే వినిపిస్తోంది. సరంగుకు ఆ చివరి మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. కాసేపటికి లాంచీలో ఎవరో ఆవిడను చూసి చెయ్యి ఊపారు, ఆ వెనక అందరూ ఊపారు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆవిడ లోపలికి పారిపోలేదు.